చవకగా దొరికిన సముద్రం

మొన్న ఉగాదికి ముడిమ్యాల వెళ్ళాను. చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల నీడ దాటుకుని ఊరు చేరేసరికి మధ్యాహ్నమయింది. పచ్చడి తిని, భోజనాలు ముగించి, అరుగు మీద కూర్చున్నాక నా మేనల్లుడు సెల్‌ఫోను నా చేతిలో పెట్టాడు. తెరమీద నీలిరంగు సముద్రం. అందులో ఒక యువతి, చుట్టూ చారల చేపలు. కింద ఎర్రటి అక్షరాల్లో సగానికి కొట్టేసిన ధర.

"మామా, అండమాన్ పోతున్నం. మే ఆఖర్ల. ఆరు రోజులు, నలుగురం. స్కూబా, స్నార్కెలింగ్ అన్నీ అండ్లనే. గింత సస్తగ మల్ల దొరకదట."

"నీకు ఈత వచ్చునా?" అన్నాను.

"ఈత రాకున్నా ఏం గాదట. వాళ్ళే పట్టుకొని తీస్కపోతరట."

ఈ రెండు వాక్యాలమీదే ఈ టపా. 'గింత సస్తగ మళ్ళీ దొరకదు', 'ఈత రాకపోయినా ఏం కాదు'. ఈ రెండూ అబద్ధాలు కావు. అబద్ధమయితే పట్టుకుని నిలదీయవచ్చు. ఇవి సగం నిజాలు. ఏటా వేలమంది తెలుగువాళ్ళు ఆ సగం నిజాలను నమ్మి, జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణానికి సముద్రాన్ని ఎంచుకునే తీరు ఇంటికి టీవీ ఎంచుకునే తీరుకంటే అధ్వాన్నంగా ఉందని నా ఫిర్యాదు. టీవీ కొనేటప్పుడు కనీసం పక్కింటివాణ్ణి అడుగుతాం.

మొదట చవకదనం సంగతి చూద్దాం. మే ఆఖర్లో అండమాన్ ఎందుకు చవక? నైరుతి రుతుపవనాలు కేరళకంటే ముందు తాకేది ఆ దీవుల్నే. సాధారణంగా మే మూడో వారానికి అక్కడ గాలి మారుతుంది. 2025లో అయితే మే 13కే వచ్చేశాయి. గాలి మారితే అల లేస్తుంది, అడుగున ఇసుక కదులుతుంది, నీరు కలుగుతుంది. పడవలు రద్దవుతాయి. శ్రీవిజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) నుంచి స్వరాజ్ ద్వీపానికి (2018 దాకా హేవ్‌లాక్) వెళ్ళే ఓడ ఆగిపోతే మీ ఆరు రోజుల్లో రెండు రోజులు హోటలు కిటికీలోంచి వాన చూడటంతో సరి. అక్కడ నీళ్ళలోకి దిగడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. సగం ధరకు దొరికినది సగం సముద్రమే.

మన కష్టమేమిటంటే, మన సెలవులు మన ఎండనుబట్టి వస్తాయి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండోవారం దాకా బళ్ళు మూసేది సూర్యుడికి భయపడి. సముద్రానికి వేరే పంచాంగం ఉంది. ఉగాదినాడు పంచాంగశ్రవణం విని, ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు లెక్కగట్టుకునే మనం, నలుగురి ప్రాణాలతో సహా నీళ్ళలో దిగేటప్పుడు ఆ నీటి పంచాంగం మాత్రం చూడం! లక్షద్వీపాలకు అక్టోబరు నడిమి నుంచి మే నడిమి దాకా. అక్కడికి భారతీయులమైనా ముందుగా అనుమతిపత్రం తీసుకోవాలి. కర్ణాటకలో మురుడేశ్వర్ ఎదురుగా ఉన్న నేత్రాణి దీవికి వానలు వెళ్ళాకనే పడవలు. మన విశాఖ తీరానికి అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది విశాఖనే.

మే, జూన్ తప్ప వేరే దారి లేదంటారా, సరే. ఆ నెలల్లో ఏ నీరు తేటగా ఉంటుందో వెతకండి. థాయిలాండ్‌నే తీసుకోండి. ఒకే దేశానికి రెండు తీరాలు, రెండు కాలాలు. పడమటి తీరంలోని సిమిలన్ దీవులను మే నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా ఏటా మూసేస్తారు. తూర్పున ఉన్న కో తావ్ దీవి చుట్టూ అప్పుడే నీరు నెమ్మదిగా ఉంటుంది. మలేసియా తూర్పు తీరంలోని పెర్హెంతియన్ దీవులకూ, బాలికీ కూడా ఆ నెలలు అనుకూలమే. 'థాయిలాండ్ పోదామా, అండమాన్ పోదామా' అన్నది మొదటి ప్రశ్న కానే కాదు. 'ఏ నెలలో పోతున్నాం' అన్నది మొదటి ప్రశ్న. దానికి జవాబు దొరికితే సగం దేశాలు వాటంతటవే జాబితాలోంచి తప్పుకుంటాయి.

రెండో ప్రశ్న నీరు. మన కోస్తా మిత్రులు కోప్పడినా సరే, ఒక మాట చెప్పాలి. ఋషికొండ దగ్గరా స్కూబా ఉంది, అండమాన్‌లోనూ ఉంది. పేరొకటే గానీ అనుభవం వేరు. మన దేశంలో చెప్పుకోదగిన పగడపు దిబ్బలు (బడిలో ప్రవాళ భిత్తికలని చదువుకున్నవి) కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖలో, పాక్ అఖాతంలో, లక్షద్వీపాల్లో, అండమాన్ నికోబార్లలో ఉన్నాయి. ఇంత పొడవైన మన తీరానికి ఆ భాగ్యం ఎందుకు లేదు? గోదావరి, కృష్ణ మొదలైన నదులు మంచినీరూ ఒండ్రూ తెచ్చి పోస్తాయి గనుక. పగడానికి ఉప్పునీరు కావాలి, ఎండ తగలాలి. మనకు వరి పండించిన బురదే అక్కడ పగడాన్ని పుట్టనివ్వలేదు. ఇది మన తీరానికి తక్కువతనం కాదు. విశాఖ దగ్గర నీటి అడుగున రాళ్ళున్నాయి, వాటిమధ్య చేపలున్నాయి, చూడవలసిందే. చూడటానికి వెళ్ళేవాడు రాళ్ళకోసం వెళ్ళాలి. నీలిరంగు బొమ్మ చూసి వెళితే తిరుగురైల్లో విశాఖనే తిడతాడు. తప్పు విశాఖది కాదు.

ఇంకొక రహస్యం. దిబ్బలు కట్టే పగడం ఎక్కువగా ఎండ తగిలే లోతులోనే బతుకుతుంది. లోతుకు పోయినకొద్దీ రంగులు ఒక్కొక్కటే మాయమవుతాయి. అన్నిటికంటే ముందు పోయేది ఎరుపు. కాబట్టి మొదటిసారి వెళ్ళే కుటుంబానికి, ముక్కుమీద అద్దమూ నోట్లో గొట్టమూ పెట్టుకుని నీటిమీద తేలుతూ చూసే స్నార్కెలింగే చాలాచోట్ల స్కూబాకంటే మేలు. ఎక్కువసేపు చూడవచ్చు, ఎక్కువ రంగులు చూడవచ్చు, ఖర్చు తక్కువ. కానీ అలా తేలిన ఫొటో నలుగురికీ చూపించడానికి సరిపోదు. అందుకే వీపుమీద సిలిండరు.

ఇక రెండో సగం నిజం: 'ఈత రాకపోయినా ఏం కాదు'.

ముడిమ్యాల నుంచి సముద్రం దాదాపు మూడువందల కిలోమీటర్లు. మా తాతల్లో సముద్రం చూసినవాడు లేడు. అయినా మా కాలపు పిల్లలందరికీ ఈత వచ్చు. మా పొలంలో పెద్ద బావి ఉండేది. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి మా నాయిన నన్ను అందులోకి తోసిన రోజు నాకు ఆరేళ్ళు. వారానికి బుర్ర తీసేశారు. నెలకు గట్టుమీదనుంచి దూకాను. ఆపైన అడుగుదాకా మునిగి రాయి తేవడం పందెం. పది అడుగులు దాటేసరికి చెవుల్లో సూది గుచ్చినట్టయ్యేది. 'గుటక మింగు' అని పెద్దపిల్లలు చెప్పేవారు. మింగితే 'టప్'మని చెవి విచ్చుకునేది. చాలా ఏళ్ళ తరువాత స్వరాజ్ ద్వీపంలో శిక్షకుడు చెవుల పీడనం సరిచేసుకోవడం గురించి పాఠం చెబుతుంటే, నాకు మా బావిగట్టు మీది పెద్దపిల్లలు గుర్తుకువచ్చారు.

అదే బావిలో మా ఈడు పిల్లవాడొకడు చనిపోయాడు. వాడికీ ఈత రాదు. కట్టుకున్న డబ్బా ఊడిపోయింది. కేకవేస్తాడేమోనని ఎవరమూ చూడలేదు, ఎందుకంటే మునిగేవాడు కేకవేస్తాడనే అనుకున్నాం. మునిగేవాడు కేకవెయ్యడు. నోరు నీటిమట్టానికి పైకి వచ్చే అరక్షణంలో ఊపిరి తీసుకోవాలో అరవాలో తేల్చుకోలేక చప్పుడు చెయ్యకుండా దిగిపోతాడు. మేము ఆరుగురం గట్టుమీదే ఉన్నాం. 'ఏం కాదట' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది అందుకే.

ఇప్పుడు అసలు విషయం. బావిలో మేము నేర్చుకున్న సూత్రం 'ఊపిరి బిగబట్టు'. స్కూబాలో మొదటి సూత్రం 'ఊపిరి ఎప్పుడూ బిగబట్టకు'. ఎందుకీ తిరకాసు? నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణపు పీడనం పెరుగుతుంది. బావిలో మునిగేవాడు గట్టుమీద పీల్చిన గాలితోనే దిగుతాడు. లోతులో ఆ గాలి కుంచించుకుంటుంది, పైకి వస్తే మళ్ళీ మొదటి పరిమాణానికే వస్తుంది. ప్రమాదం లేదు. స్కూబాలో అలా కాదు. పదిమీటర్ల లోతులో, ఆ లోతుకు తగిన పీడనంతో సిలిండరులోని గాలిని నిండుగా పీలుస్తాం. ఆ గాలితో ఊపిరి బిగబట్టి పైకి వస్తే అది రెట్టింపవుతుంది. ఊపిరితిత్తికి అంత చోటు లేదు. నిండు ఊపిరి బిగబట్టి నాలుగడుగుల లోతునుంచి లేచినా ఊపిరితిత్తి చిట్లే ప్రమాదం ఉంది. మరి నీటిలో భయపడ్డ మనిషి చేసే మొదటి పని ఏమిటి? ఊపిరి బిగబట్టి పైకి తన్నుకురావడం! ఈత రానివాడి సహజ స్వభావమే అక్కడ వాడి శత్రువు. ఈ మాట ఏ ప్రకటనలోనూ ఉండదు.

"అయితే లక్షలమంది ఈత రానివాళ్ళు చేసి వస్తున్నారుగా?" అంటారు. వస్తున్నారు. శిక్షకుడు సిలిండరు పట్టుకుని వెంట ఉంటాడు. పన్నెండు మీటర్లకు మించి దింపరు. సాధారణంగా ఏమీ కాదు. నా వాదన ఆ 'సాధారణంగా' అనే మాటతో. ఆ వ్యాపారమే తన సొంత విద్యార్థిని ఏమడుగుతుందో చూడండి. 1966లో మొదలైన పాడి సంస్థ మొదటి ధృవపత్రం ఇవ్వాలంటే రెండువందల మీటర్లు ఈదాలి, పది నిముషాలు తేలాలి. నేర్చుకునేవాడికి ఈత తప్పనిసరి, చూసిపోయేవాడికి అక్కరలేదు! చూసిపోయేవాడు తన ప్రాణాన్ని పూర్తిగా ఇంకొకరి చేతిలో పెడుతున్నాడు, అంతే తేడా. పెట్టవచ్చు, తప్పులేదు. అయితే ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవద్దా?

కాబట్టి మూడో ప్రశ్న మనిషి. శిక్షకుడు ఏ సంస్థ ధృవపత్రం పొందాడు, ఒక్కడు ఎంతమందిని దింపుతాడు, పడవలో ప్రాణవాయువు ఉందా, లైఫ్‌జాకెట్లు తలకొకటి ఉన్నాయా. 2022 మే నెలలో మహారాష్ట్రలోని తార్కర్లి దగ్గర స్కూబా యాత్రికుల పడవ మునిగి ఇద్దరు చనిపోయారు. ప్రమాదం ఎప్పుడూ నీటి అడుగునే కాచుకుని ఉండదు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి ఆపరేషను, గర్భం ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దిగకూడదు. జలుబు చేసినా దిగకూడదు. ఒకసారి దిగితే పన్నెండు గంటలు, పలుమార్లు దిగితే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఆఖరిరోజు పొద్దున స్కూబా, మధ్యాహ్నం విమానం అని రాసి ఉన్న ప్యాకేజీని చింపి పారెయ్యండి.

ఇంతవరకూ మన ప్రాణం సంగతి. ఇప్పుడు నా తప్పు చెబుతాను.

2017 ఫిబ్రవరిలో నేను స్వరాజ్ ద్వీపంలో దిగాను. నెల సరైనదే, నీరు తేటగానే ఉంది, ఈత వచ్చు. మూడో ప్రశ్న మాత్రం అడగలేదు. ఆరోగ్యపత్రం చేతికిచ్చి 'అన్నిటికీ లేదు అని రాయండి సార్' అన్నారు. రాశాను. ఎనిమిది మీటర్ల లోతులో ఫొటోకోసం నేను కదలకుండా ఉండాలని వెంట ఉన్నతను నన్ను భుజంపట్టి కిందికి నొక్కాడు. నా మోకాలు ఒక కొమ్మపగడం మీద ఆనింది. ఎండిన కందికట్టె విరిగినట్టు విరిగింది. అది నాకు మోకాటికి స్పష్టంగా తెలిసింది. అతను బొటనవేలూ చూపుడువేలూ కలిపి 'బాగుంది' అని సైగచేశాడు. నేనూ తిరిగి అదే సైగచేశాను. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది. మావాళ్ళందరూ మెచ్చుకున్నారు. అందులో మోకాలు కనిపించదు.

బండలాగా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కొమ్మపగడం కాస్త త్వరగా. నా మోకాటి కింద పోయినది ఎన్నేళ్ళ కష్టమో నేను లెక్కవేసుకోలేదు, ధైర్యం చాలలేదు. ఆ పగడాలమీద దెబ్బలు మోకాళ్ళవే కావు. సముద్రం వేడెక్కినప్పుడు పగడం తనలో బతికే నాచును వెళ్ళగొట్టి తెల్లబడిపోతుంది. 2010లో, 2016లో అండమాన్ పగడాలు అలా తెల్లబడ్డాయి. 2024లో లక్షద్వీపాల్లో తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగోసారి అని ప్రకటించారు. 2025 మార్చి నాటికి ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతానికి ఆ వేడి తగిలింది. జ్వరంతో పడి ఉన్న మనిషి మంచంమీద మనం మోకాలు పెడుతున్నామన్నమాట.

ఇక్కడ ఒక మిత్రుడు నిష్ఠూరమాడవచ్చు. "పెద్ద నికోబారులో గలాతియా అఖాతం దగ్గర ఓడరేవు కట్టడానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దాన్ని వదిలేసి నా మోకాటిమీద పడతావేం?" మంచి ప్రశ్న. ఓడరేవుమీద వాదించవలసిందే. కానీ పెద్ద తప్పు ఇంకెవరో చేస్తున్నారన్నది చిన్న తప్పుకు అనుమతిపత్రం కాదు. ఈ న్యాయం మా ప్రాంతంవాళ్ళకు బాగా తెలుసు. 1908 మూసీ వరద తరువాత గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో కట్టారు. వాటి ఎగువన ఉన్న మొయినాబాద్ వంటి చోట్ల ఏం చేసినా దిగువ నగరం తాగుతుందని 1996లో 111 నంబరు ఉత్తర్వు వచ్చింది. దాని ఆంక్షలు ఎత్తివేస్తూ 2022లో మరో ఉత్తర్వు వచ్చింది. ఈ పాతికేళ్ళలో ప్రతి ఫామ్‌హౌసు యజమానీ ఒకే మాట అన్నాడు: 'నా ఒక్క గోడతో చెరువు ఎండుతుందా?' నా ఒక్క మోకాలితో దిబ్బ చస్తుందా అన్నదీ అదే మాట.

మరొక మిత్రుడు, "అయితే ఎవరూ వెళ్ళవద్దంటావా?" అనవచ్చు. అనను. చూడనిదాన్ని ఎవడూ కాపాడడు. వెళ్ళండి. కానీ తనను తాను మూసుకోవడం తెలిసిన చోటికి వెళ్ళండి. ఇది నా నాలుగో ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. శ్రీవిజయపురం దగ్గర వండూరులో 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలో జాలీబాయ్, రెడ్‌స్కిన్ అని రెండు దీవులున్నాయి. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూస్తారు. ప్లాస్టిక్కు పట్టుకెళ్ళనివ్వరు. థాయిలాండ్ మాయా బే ను 2018 జూన్‌లో మూసి, మూడున్నరేళ్ళు ఆగి 2022 జనవరిలో తెరిచింది. మాల్దీవుల్లో హనిఫారు బే లో మాంటా చేపల్ని చూడటానికి స్నార్కెలింగే, స్కూబా నిషిద్ధం. పలావు దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి పగడానికి హాని చేసే కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్లను నిషేధించాయి. (దానికంటే మన నిండుచేతుల చొక్కా మేలు.) మాగాణిని ఒక కారు బీడు పెట్టే రైతు ఎలాంటివాడో, ఇలాంటి చోట్లు అలాంటివి. ఏడాది పొడుగునా, వానలో కూడా, అందరికీ, సగం ధరకు తెరిచి ఉండే సముద్రం మీద అనుమానం ఉండాలి.

నెల, నీరు, మనిషి, మూసివేత. ఈ నాలుగూ అయ్యాక అయిదోది ధర. మనం ఈ వరుసను తలకిందులుగా చదువుతున్నాం.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ ముచ్చట" అని మా బావ అన్నాడు. ఆ మాట నన్ను కొంత తగ్గించింది. నిజమే, మేనల్లుడు రెండేళ్ళు దాచుకున్న డబ్బు అది. అందుకే చెబుతున్నాను. డబ్బున్నవాడు మబ్బుపడితే మళ్ళీ ఏడాది వెళతాడు. మావాడికి మళ్ళీ ఏడాది లేదు. ఒక్కసారే వెళ్ళేవాడికే సరిగ్గా ఎంచుకోవలసిన అవసరం ఎక్కువ.

ఆ సాయంత్రం వాడి కొడుకును వెంటబెట్టుకుని మా పాత బావి చూపించడానికి వెళ్ళాను. చుట్టూ బోర్లు పడ్డాక బావి ఎండిపోయింది. అడుగున సర్కారు తుమ్మ మొలిచింది, పైన బీరుసీసాలు. పదేళ్ళవాడు గట్టుమీదనుంచి తొంగిచూసి, "ఇండ్ల ఎట్ల ఈదిన్రు తాతా?" అని అడిగాడు. ముడిమ్యాలలో ఈత నేర్చుకోవడానికి నీళ్ళు లేవు. ఈతకొలనులు మొయినాబాద్ ఫామ్‌హౌసుల్లో ఉన్నాయి, గంటకింత అని అద్దెకు. మా తరానికి ఊరికే వచ్చిన విద్య వీడి తరానికి కొనుక్కోవలసిన సరుకయింది. అండమాన్ వెళ్ళేవాళ్ళకు 'ఈత రాకపోయినా పర్వాలేదు' అన్న మాట అంత తియ్యగా ఎందుకు వినిపిస్తుందో నాకు ఆ బావిగట్టు మీద అర్థమయింది.

మేనల్లుడు ప్రయాణాన్ని వచ్చే ఫిబ్రవరికి మార్చాడు. పిల్లవాడికి నాలుగు రోజులు బడి ఎగ్గొట్టించక తప్పదు. ముందు కట్టిన డబ్బులో కొంత పోయింది. ఆ కోపంతో నాతో రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం ఫోను చేసి, "పోరన్ని ఆదివారాలు ఈతకు ఏస్తున్న మామా, పైసలు నువ్వే కట్టాలె" అన్నాడు. కడుతున్నాను. నా మోకాటి బాకీలో అదొక వాయిదా అనుకుంటున్నాను.

నా వాదనలో పొరపాటుంటే మిత్రులు తప్పక దులపండి. ఒక్కటే మనవి: 'మేం వెళ్ళాం, ఏమీ కాలేదు' అని మాత్రం రాయకండి. ఆ రోజు గట్టుమీదున్న మా ఆరుగురికీ కూడా ఏమీ కాలేదు.